బాడుగ ఇల్లు - బ్రతుకు తెరువు

మా కళాశాలలో ఒకే విషయానికి నాలుగు పేర్లు వినబడుతుంటవి. తెలుగు ఇళ్ళ నుండి వచ్చినవారు 'బాడుగ' అంటారు. ఉర్దూ ఇళ్ళ నుండి వచ్చినవారు 'కిరాయా' అంటారు. మడకశిర, పావగడ ప్రాంతాల కన్నడ మిత్రులు 'బాడిగె' అంటారు. కోస్తా జిల్లాల నుండి వచ్చిన అధ్యాపకులు 'అద్దె' అన్నప్పుడు మేము నవ్వుతాము. వారూ మాతోపాటు నవ్వుతారు. ఈ వార్షిక సంచికలో ఉర్దూ పుటలు కుడి నుండి, తెలుగు పుటలు ఎడమ నుండి మొదలవుతున్నప్పటికీ ఈ ఒక్క సమస్య మాత్రం రెండు వైపులవారికీ సమానమే. నెల మొదటి తేదీ అందరి ఇళ్ళకూ ఒకేసారి వస్తుంది.

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. కట్టుట మాట అటుంచి, పనికి దగ్గరగా, సంపాదనకు తగినట్లుగా ఒక బాడుగ ఇల్లు వెదకి చూడుమని కూడ ఈ కాలంలో చెప్పవలసి యున్నది. ఈ సంవత్సరం డిగ్రీ పూర్తి చేయనున్న మా ముందు నిలిచిన ప్రశ్న ఇదే. ఉద్యోగాలు ఎక్కువగా ఉన్న చోట ఇల్లు దొరకదు. ఇల్లు చౌకగా దొరికే చోట ఉద్యోగం ఉండదు. ఈ రెండింటికీ నడుమ దారి ఏదైనా ఉన్నదా? ఆర్థికశాస్త్రం చదువుకున్నవారము గనుక ఈ ప్రశ్నను ఊహలకు వదలక లెక్కకు తీసుకొని రావలెనని మేము తలపెట్టినాము.

ఈ నేల స్వభావము

అనంతపురం పీఠభూమి వర్షాన్ని నమ్ముకొని బ్రతుకదగిన నేల కాదు. నైరుతి ఋతుపవనాలను పడమటి కనుమలు అడ్డగిస్తవి. ఈశాన్య ఋతుపవనాలు తూర్పు తీరం నుండి ఇక్కడికి చేరేసరికి సత్తువ కోల్పోతవి. ఏడాదికి సగటున కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఆ సగటు కూడ కాగితం మీది సగటు. ఒక ఏడు విత్తనం వేళకు వాన రాదు. మరొక ఏడు ఊడ దిగే వేళకు ఆగిపోతుంది. ఒకప్పుడు ఏడెనిమిది లక్షల హెక్టార్లలో వేరుశనగ వేసి, దేశంలోనే ఆ పంటకు పేరుపొందిన జిల్లా ఇది. ఒకే పంట మీద, ఒకే వాన మీద ఆధారపడుటచేత ఆ పేరే రైతుకు భారమైనది.

జనం ఊరు విడిచి పోవుట ఇక్కడ కొత్త కాదు. 1565లో తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర పాలకులే హంపి విడిచి పెనుకొండలో తలదాచుకొన్నారు. 1876-78 నాటి ధాత కరువు ఈ సీమ జనుల జ్ఞాపకంలో నేటికీ ఒక కొలబద్దగా నిలిచి ఉన్నది. పల్లెలోనే పని చూపవలెనన్న తలంపుతో దేశవ్యాప్తమైన ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించినది నార్పల మండలంలోని బండ్లపల్లిలోనే. ఆ పథకానికి ఈ నేలనే ఎన్నుకొనుటకు కారణం వేరుగా చెప్పనక్కరలేదు.

రాజులు పోయినప్పుడు వెంట ఖజానా పోయినది. మావారు పోయినప్పుడు వెంట ఒక ట్రంకుపెట్టె, ఒక గ్యాసు స్టవ్వు పోయినవి.

ఖరీదైన పొరుగు

మన పొరుగున బెంగళూరు ఉన్నది. 2011 జనాభా లెక్కలలో అనంతపురం జిల్లా మొత్తానికి 40 లక్షల 81 వేల మంది ఉండగా, బెంగళూరు అర్బన్ జిల్లా ఒక్కదానికే 96 లక్షలకు పైగా ఉన్నారు. మేస్త్రీ నుండి ఇంజనీరు వరకు, ఇంటి పనిమనిషి నుండి లెక్కల గుమాస్తా వరకు అక్కడ పని దొరకనివారు అరుదు. హిందూపురం నుండి రైలులో సుమారు 100 కిలోమీటర్లు. అనంతపురం నుండి 44వ జాతీయ రహదారి మీద 200 కిలోమీటర్లకు కొంచెము పైన.

అయితే నగరంలో పని దొరుకుట ఎంత సులభమో నిలువ నీడ దొరుకుట అంత కష్టము. దానికి కారణం స్పష్టం. పనిని ఎంతైనా పెంచవచ్చును గాని, పనికి దగ్గరగా ఉన్న నేలను పెంచలేము. నగరం తాగే నీటిని సైతం సుమారు 100 కిలోమీటర్ల దూరం నుండి కావేరి నుండి పైకెత్తి తెచ్చుకుంటున్నారు. నీరు, రోడ్డు, రైలు చేరిన ప్రతి గజం నేల ధర ఆ సౌకర్యాల ఖర్చును తనలో కలుపుకొంటుంది. 2008లో దేవనహళ్ళి వద్ద విమానాశ్రయం తెరచిన తరువాత నగరపు ఉత్తర భాగాన భూముల ధరలు పెరిగినవి. ఆ పెరుగుదల యలహంకతో ఆగక చిక్కబళ్ళాపురం మీదుగా రాష్ట్ర సరిహద్దు దాటి కొడికొండ చెక్‌పోస్టు వరకు పాకినది. వాన రాకపోయినా ధర మాత్రం రహదారి వెంట మన మండలాలకు వచ్చి చేరినది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరము. భూమి ధర పెరుగుట వేరు, ఉపాధి పెరుగుట వేరు. చిలమత్తూరు, గోరంట్ల మండలాలలో లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరిట వేల ఎకరాలు సేకరించినారు. ఆ పథకం అనుకున్న రూపం దాల్చలేదు. పొలం పోయినది, పని రాలేదు. ఇందుకు భిన్నంగా గోరంట్ల మండలం పాలసముద్రంలో కస్టమ్స్, పరోక్ష పన్నుల జాతీయ శిక్షణ సంస్థ 2024 జనవరిలో ప్రారంభమైనది. కాబట్టి "ఫలానా చోట అభివృద్ధి వస్తున్నది" అను మాట విని అప్పుచేసి స్థలం కొనువారు, వచ్చినది పరిశ్రమా లేక దాని వార్త మాత్రమేనా అని విచారించుకొనుట మంచిది.

లెక్క వేసే పద్ధతి

ఇల్లు చౌకా, ప్రియమా అని చెప్పుటకు బాడుగ ఒక్కటే చాలదు. మా అభిప్రాయంలో ఐదు అంకెలు కలిపి చూడవలెను: బాడుగ, అడ్వాన్సు మీది వడ్డీ, నీటి ఖర్చు, ప్రయాణపు ఖర్చు, ప్రయాణానికి పోయే కాలము. మొదటి నాలుగూ జేబు నుండి పోతవి. ఐదవది ఆయుస్సు నుండి పోతుంది.

అడ్వాన్సు సంగతి మనవారికి చాలమందికి అక్కడికి పోయిన తరువాతనే తెలుస్తుంది. బెంగళూరులో పది నెలల బాడుగను ముందుగా అడ్వాన్సుగా తీసుకొనుట చాలకాలంగా వాడుకలో ఉన్న ఆచారము. మన ఊళ్ళలో సాధారణంగా రెండు మూడు నెలలది అడుగుతారు. కేంద్ర ప్రభుత్వం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాసపు ఇళ్ళకు రెండు నెలల బాడుగకు మించి తీసుకొనరాదని సూచించినది. అయితే నమూనా చట్టం రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకొన్నప్పుడే అమలుకు వస్తుంది.

విషయం తేలికగా బోధపడుటకు కొన్ని ఊహా సంఖ్యలు తీసుకొందము. పాఠకులు తమ తమ అంకెలు వీని స్థానంలో వేసుకొనవచ్చును. నగరపు అంచున ఒక గది, ఒక వంటిల్లు గల ఇల్లు నెలకు 9,000 రూపాయలు అనుకొందము. అడ్వాన్సు 90,000. ఆ మొత్తం చేతిలో లేక నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినచో నెలకు 1,800 వడ్డీ. అనగా ఆ ఇంటి అసలు బాడుగ 9,000 కాదు, 10,800. నీటికి, ఇతర నిర్వహణకు 700, సొంత ఊరికి వచ్చిపోవుటకు 1,000 కలిపితే 12,500 అవుతుంది.

ఇప్పుడు హిందూపురంలో అటువంటి ఇల్లు 4,000 అనుకొందము. మూడు నెలల అడ్వాన్సు 12,000 మీద అదే వడ్డీ 240. నీటికి 400. రోజూ బెంగళూరుకు పోయివచ్చే ప్రయాణానికి 1,500. మొత్తం 6,140. నెలకు 6,360 రూపాయలు మిగిలినట్లు కనబడుతుంది.

ఇక ఐదవ అంకె చూడవలెను. రైలు ప్రయాణం, స్టేషనుకు నడక, అక్కడి నుండి పనిచోటికి బస్సు కలిపి రోజుకు ఐదు గంటలు పోయినచో, 25 పనిదినాలకు 125 గంటలు. 6,360ని 125 చేత భాగిస్తే గంటకు సుమారు 51 రూపాయలు. అనగా ఆ మనిషి తన కాలాన్ని గంటకు 51 రూపాయలకు అమ్ముకొన్నట్లు. అంతకంటె ఎక్కువ సంపాదించగల నైపుణ్యం ఉన్న ఒంటరి యువకునికి ఈ బేరం నష్టమే. అతడు నగరంలో నలుగురితో కలిసి ఒక గది తీసుకొనుట మేలు. కాని సంసారికి లెక్క వేరు. భార్య కుట్టుపని గాని, చిన్న అంగడి గాని సొంత ఊరిలో నడుపుకొంటున్నచో, తల్లిదండ్రులు పిల్లలను చూసుకొంటున్నచో, ఆ 6,360కి ఇవి కూడ తోడు వస్తవి. కాబట్టి అందరికీ ఒకే సలహా ఇచ్చుట సరికాదు. ఒంటివాని లెక్క ఒకటి, ఇంటివాని లెక్క మరొకటి.

నడుమనున్న ఊళ్ళు

పై లెక్కలో ఒక రహస్యం దాగి ఉన్నది. నివాసం ఒక చివర, పని మరొక చివర ఉండవలెనన్న నియమం ఏదీ లేదు. దారి నడుమ కూడ ఊళ్ళు ఉన్నవి.

హిందూపురం మీదుగా పోయే రైలుమార్గం 19వ శతాబ్దం చివరి దశకంలో మీటరు గేజిగా వేయబడినది. తరువాత బ్రాడ్‌గేజి అయినది. దక్షిణంగా పోతే గౌరిబిదనూరు, తొండేభావి, దొడ్డబళ్ళాపురం, యలహంక వరుసగా వస్తవి. గౌరిబిదనూరు సుమారు పాతిక కిలోమీటర్లే. అక్కడ పారిశ్రామికవాడ ఉన్నది. దొడ్డబళ్ళాపురం మరమగ్గాలకు, ఉడుపుల తయారీకి పేరుపొందినది. హిందూపురంలో ఇల్లు ఉంచుకొని గౌరిబిదనూరులో పనిచేయువానికి ప్రయాణం రోజుకు గంటన్నర మించదు. జీతం నగరం కంటె 3,000 తక్కువ అనుకొన్నా, పై లెక్కలో మిగిలిన 6,360లో ఇంకా 3,360 చేతిలోనే ఉంటుంది. రోజుకు మూడున్నర గంటలు కూడ మిగులుతవి. భాషకు కూడ ఇబ్బంది లేదు. ఆ ప్రాంతంలో కన్నడము, తెలుగు, ఉర్దూ ఒకే అంగడి ముందు వినబడుతవి.

హిందూపురం స్వయంగా కూడ వట్టి నివాసపు ఊరు కాదు. 2011 లెక్కలలో లక్షన్నర దాటిన జనాభా గల పట్టణం. బెల్లము, చింతపండు, మిరప వర్తకానికి పాతకాలం నుండి ప్రసిద్ధి. పట్టుగూళ్ళ మార్కెట్టుకు రాష్ట్రంలో పేరున్నది. తూమకుంట, గొల్లాపురం పారిశ్రామికవాడలు దగ్గరలో ఉన్నవి. అయితే ఒక లోపము చెప్పక తప్పదు: నీరు. వేసవిలో బిందెలు వరుస కట్టని వీధి ఒకప్పుడు లేదు. ఇప్పుడు కొంత మెరుగుపడినప్పటికీ, ఇల్లు చూడబోవువారు గోడలకు వేసిన రంగు చూచుటకు ముందు కుళాయి తిప్పి చూడవలెను. కుళాయి ఎన్ని రోజులకు ఒకసారి వస్తుందో ఇంటి యజమానిని కాదు, పక్కింటి ఇల్లాలిని అడుగవలెను.

పెనుకొండ సంగతి మరొక పాఠము. ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారానికి 2017లో ఒప్పందం జరిగినది. 2019లో కార్లు బయటికి వచ్చినవి. ఏడాదికి 3 లక్షల కార్లు తయారు చేయగల సామర్థ్యంతో దానిని నిర్మించినారు. శ్రీశైలం జలాశయం నుండి హంద్రీ-నీవా కాలువ ద్వారా గొల్లపల్లి జలాశయానికి చేరిన నీరు లేకపోయినచో ఈ మెట్టసీమలో అటువంటి పరిశ్రమ సాధ్యమయ్యేది కాదు. పని మన గుమ్మం ముందుకు వచ్చినందుకు సంతోషమే. కాని పనితోపాటు బాడుగ కూడ పెరిగినది. బయటినుండి వచ్చిన ఉద్యోగి ఇవ్వగల బాడుగను, అంతకు ముందు అదే వీధిలో ఉండిన కూలి ఇవ్వలేడు. ఖరీదైన ప్రాంతానికి మనం పోనక్కరలేదు. ఒక్కొక్కప్పుడు అదే మన వద్దకు వస్తుంది. అందుచేత పరిశ్రమ వచ్చే ముందే దాని చుట్టు కార్మికుల ఇళ్ళకు స్థలం కేటాయించుట దూరదృష్టి అనిపించుకొంటుంది.

ధర్మవరంలో ఇల్లు, పని వేరు కావు. అక్కడి పట్టుచీరె ఇంట్లోనే పుడుతుంది. నేతగాడు బాడుగ ఇల్లు అడిగినప్పుడు గదులెన్ని అని అడుగడు. మగ్గం గుంత తీయనిస్తారా అని అడుగుతాడు. నేలలో గుంత తీసి, అందులో కాళ్ళు వ్రేలాడదీసి తొక్కుడు చెక్కలు తొక్కవలెను గనుక మేడమీది ఇల్లు అతనికి పనికిరాదు. నేల చెమ్మ ఎక్కినా, వాన వచ్చి గుంతలో నీరూరినా ఆ రోజులకు పని ఆగిపోతుంది. అయినా బాడుగ ఆగదు. ఇల్లు మారుటయనగా మగ్గం విప్పి తిరిగి బిగించుట. అది కొన్నాళ్ళ కూలిని మింగుతుంది. కాబట్టి నేతగానికి నెలకు ఐదు వందలు తక్కువ బాడుగ కంటె ఐదేళ్ళు కదలనక్కరలేని ఇల్లే నిజమైన చౌక. నివాసము, ఉపాధి ఒకే కప్పు క్రింద ఉన్నవారికి ఇల్లు పోయిన నాడు రెండూ పోతవి.

కదిరి, అనంతపురం గురించి రెండు మాటలు. కదిరి నుండి బెంగళూరుకు అనుదినం పోయివచ్చుట సాధ్యం కాదు. అక్కడివారు వారాలు, నెలలు నగరంలో ఉండి పండుగలకు వస్తారు. అనంతపురం విద్యాకేంద్రము. 1916 నాటి కళాశాల, 1946లో ప్రారంభమైన ఇంజనీరింగు కళాశాల, 1981లో ఏర్పడిన శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఉన్న ఊరు గనుక విద్యార్థుల గదులకు గిరాకీ ఎక్కువ. చదువుకొనుచు పని చేసుకొనదలచినవారికి అది అనుకూలమైన చోటు.

కాగితాల సంగతి

మాలో ఒకరి ఇంటి అనుభవం ఇక్కడ చెప్పుట అవసరం. మూడేళ్ళు వరుసగా వేరుశనగ చేతికి రాకపోగా ఆ కుటుంబం బెంగళూరుకు పోయినది. తండ్రి కట్టడపు పనికి, తల్లి ఇళ్ళలో పనికి కుదిరినారు. చెవిపోగులు తాకట్టు పెట్టి అడ్వాన్సు కట్టినారు. కాగితం వ్రాసుకొనలేదు, "నమ్మకం ముఖ్యం" అన్నాడు యజమాని. రెండేళ్ళ తరువాత తిరిగి వచ్చేటప్పుడు గోడలకు సున్నం పేర కొంత, ముందుగా చెప్పలేదని ఒక నెల బాడుగ, కుళాయి పాడైనదని ఇంకొంత కోసి, సగానికి తక్కువ చేతిలో పెట్టినాడు. చూపుటకు కాగితం లేదు. ఆ చెవిపోగులు నేటికీ విడిపించుకొనలేదు.

అందుచేత ఈ కొన్ని విషయాలు మా తోటి విద్యార్థులు తమ ఇళ్ళలో చదివి వినిపించవలెనని కోరుచున్నాము. ఒక సంవత్సరానికి మించిన బాడుగ ఒప్పందాన్ని 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం ప్రకారం రిజిస్టరు చేయించవలసి ఉంటుంది. సాధారణంగా 11 నెలలకు వ్రాసుకొనుటకు కారణం ఇదే. కాలం తక్కువైనా పత్రం మాత్రం ఉండవలెను. అందులో అడ్వాన్సు మొత్తం, తిరిగి ఇచ్చే గడువు, దేనికెంత మినహాయించవచ్చునో, ఎన్ని రోజుల ముందు చెప్పవలెనో స్పష్టంగా వ్రాయవలెను. అడ్వాన్సు చేతికి ఇవ్వక బ్యాంకు ద్వారా పంపుట మేలు. చేరిన నాడే గోడలు, కుళాయిలు, తలుపులు సెల్‌ఫోనులో ఫోటోలు తీసి యజమానికి పంపినచో సగం తగవులు పుట్టకుండనే పోతవి.

'భోగ్యం' అను పద్ధతి మరొకటి ఉన్నది. దీనినే నగరంలో 'లీజు' అంటారు. ఒకేసారి పెద్ద మొత్తం, ఐదు లక్షలో పది లక్షలో, యజమానికి ఇచ్చి, రెండు మూడేళ్ళు బాడుగ లేకుండ ఉండి, గడువు తీరిన తరువాత ఆ మొత్తం తిరిగి తీసుకొనుట దీని స్వరూపము. వినుటకు ఇది తంతే బూరెల గంపలో పడ్డట్టు ఉంటుంది. కాని నిజానికి ఇందులో బాడుగ లేకపోలేదు. మన డబ్బు మీద రాగల ఆదాయమే బాడుగ. పైగా అసలు సొమ్ము యజమాని చేతిలో ఖర్చయిపోయినచో, మరొక భోగ్యందారు దొరికే వరకు మన సొమ్ము తిరిగి రాదు. ఆ ఇల్లు అప్పటికే బ్యాంకులో తాకట్టు ఉన్నచో ప్రమాదం రెట్టింపు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో భోగ్యపు తాకట్టుకు స్థానమున్నది. దానికి రిజిస్టరు పత్రం కావలెను. నోటిమాటతో, పది రూపాయల స్టాంపు కాగితంతో లక్షలు ఇచ్చువారికి ఆ రక్షణ లభించదు. భోగ్యానికి పోవు ముందు సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఆ ఇంటి ఇ.సి. తీసి చూచుకొనుట తప్పనిసరి.

లెక్కలోకి రాని లెక్కలు

మేము వేసిన ఐదు అంకెలలో చేరనివి మరికొన్ని ఉన్నవి. మొదటిది చదువు. పైన చెప్పిన కుటుంబంలో మా మిత్రుని చెల్లెలు ఇక్కడ ఉర్దూ మాధ్యమంలో చదువుకొనుచుండెను. అక్కడ చేర్చినది కన్నడ మాధ్యమపు బడి. పాఠం అర్థం కాక, తమ్ముణ్ణి చూసుకొనుటకు ఇంట్లో ఎవరూ లేక, మెల్లగా బడి మానినది. తిరిగి వచ్చిన తరువాత తనకంటె చిన్నవారితో కూర్చొని ఏడవ తరగతి మళ్ళీ చదివినది. అడ్వాన్సులో కోసిన సొమ్ముకు ఒక అంకె ఉన్నది. ఈ నష్టానికి అంకె లేదు.

రెండవది స్థానికత. రాజ్యాంగంలోని 371-డి అధికరణం, దాని క్రింద 1974, 1975లలో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వులు మన రాష్ట్రంలో విద్యాసంస్థలలోను, ప్రభుత్వోద్యోగాలలోను స్థానికులకు ప్రత్యేక భాగం కల్పించినవి. పిల్లవాడు వరుసగా కొన్నేళ్ళు ఏ ప్రాంతంలో చదివినాడన్నది ఇందుకు ముఖ్యమైన ఆధారము. సరిహద్దు దాటి చదివిన పిల్లలు పెద్దయిన తరువాత, తాము పుట్టిన ఊరిలోనే స్థానికులమని నిరూపించుకొనుటకు కాగితాలు పట్టుకొని తిరుగవలసి వస్తుంది. వందేళ్ళుగా తాతముత్తాతలు ఉన్న ఊరు, నాలుగేళ్ళ బడి రిజిస్టరు ముందు తక్కువగా తూగుతుంది. సరిహద్దుకు ఇవతల నివాసం ఉంచుకొని అవతల పనికి పోవువారికి ఈ చిక్కు లేదు. హిందూపురం వంటి ఊరికి గల గొప్ప లాభాలలో ఇదొకటి. ఎవరూ దీనిని బాడుగలో కలిపి చెప్పరు.

మూడవది రేషను, ఓటు. ఒకే దేశం - ఒకే రేషను కార్డు పథకం 2022 నాటికి అన్ని రాష్ట్రాలకూ విస్తరించినది గనుక కార్డు ఉన్నవారు పొరుగు రాష్ట్రంలో కూడ కేంద్రం ఇచ్చే ధాన్యం పొందవచ్చును. ఈ సంగతి తెలియక మార్కెట్టులో కొనుక్కొనువారు ఉండకూడదు. ఓటు మాత్రం సాధారణంగా నివసించే చోటనే ఉండవలెనని చట్టం. ఇక్కడ ఉండక, అక్కడ నమోదు కాక ఉండువారు రెండు చోట్లా లెక్కలోకి రానివారై పోతున్నారు.

కావలసినవి

సొంత ఇంటి విషయంలో ఈ జిల్లాలో మంచి ఉదాహరణలు లేకపోలేదు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురంలో ప్రారంభించిన గ్రామీణాభివృద్ధి సంస్థ నిరుపేదలకు పల్లెలలో వేల సంఖ్యలో ఇళ్ళు కట్టించినది. ఇల్లు ఉన్న మనిషి పనికి పోయినా తిరిగి వస్తాడు. ఇల్లు లేనివాడు పోయిన చోటనే చెదిరిపోతాడు. 2020 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం మహిళల పేర ఇళ్ళ స్థలాల పట్టాలు పంచినప్పుడు పట్టణాలలో ఒక సెంటు, గ్రామాలలో ఒకటిన్నర సెంటు చొప్పున ఇచ్చినారు. సెంటు అనగా 48 గజాలు. ఆ కొలత చిన్నదే అయినా, మా దృష్టిలో అంతకంటె ముఖ్యమైనది దూరము. ఊరికి ఆరు కిలోమీటర్ల అవతల ఉచితంగా వచ్చిన స్థలం కంటె, పనికి నడిచిపోదగిన బాడుగ గది కూలివానికి ఒక్కొక్కప్పుడు చౌక. ఉచితమన్నది కూడ లెక్క వేసి చూడవలసినదే.

మా అభిప్రాయంలో ముఖ్యంగా మూడు పనులు జరుగవలెను. ఒకటి, రైళ్ళ వేళలు పని వేళలకు కుదరవలెను. ఉదయం ఎనిమిదికి పనిలో ఉండవలసినవాడు, సాయంకాలం ఏడింటికి ఇంటి దీపం చూడగలిగినప్పుడే రైలు అతనికి ఉపయోగపడినట్లు. రెండు, పారిశ్రామికవాడల సమీపాన పనిచేసే స్త్రీలకు సురక్షితమైన వసతి గృహాలు ఉండవలెను. అవి లేక మా సహాధ్యాయినులు ఎందరో వచ్చిన ఉద్యోగాన్ని వదులుకొంటున్నారు. తండ్రి అభ్యంతరం పనికి కాదు, రాత్రి నిదురించే చోటికి. మూడు, నీరు. హంద్రీ-నీవా నీరు జలాశయాలకు చేరినట్లే వీధి చివరి కుళాయికి కూడ చేరినప్పుడు ఈ ఊళ్ళు నిజంగా చౌకైన ఊళ్ళు అవుతవి. నీరు కొనుక్కొనే ఊరిలో బాడుగ తక్కువ అని సంతోషించుట, తట్టలో లాభం చూచి బుట్టలో నష్టం మరచుట వంటిది.

పైన చెప్పిన కుటుంబం ఇప్పుడు హిందూపురంలో రెండు గదుల పెంకుటింట్లో ఉన్నది. తండ్రి ఉదయపు రైలుకు దొడ్డబళ్ళాపురం పోయి రాత్రికి వస్తున్నాడు. తల్లి ఇంట్లోనే కుట్టుమిషను నడుపుతున్నది. చెల్లెలు ఈ ఏడు పదవ తరగతి వ్రాయనున్నది. ఆదాయం నగరంలో కంటె తక్కువే. కాని నెలాఖరుకు అప్పు తేవలసిన అవసరం తగ్గినదని వారి మాట. ఈసారి బాడుగ పత్రం మా మిత్రుడే తన చేత్తో వ్రాసి, యజమానితో సంతకం చేయించినాడు. డిగ్రీ చదువు వలన ఇంటికి కలిగిన మొదటి లాభం అదేనని అతని తండ్రి నవ్వుతూ అంటున్నాడట.

మేమందరమూ ఇక్కడే ఉండిపోవలెనని మేము చెప్పుట లేదు. పోవలసినవారు పోవలెను, నగరం వలన లాభపడినవారు మన ఇళ్ళలోనే ఉన్నారు. కాని కరువు తరిమినందుకు కన్నుమూసుకొని పరుగెత్తుట వేరు, ఐదు అంకెలు వేసుకొని కన్ను తెరచి బయలుదేరుట వేరు. తరువాతి సంచిక వెలువడే నాటికి మేము ఈ ఆవరణలో ఉండము. ఎక్కడ ఉన్నా, మా తమ్ములు, చెల్లెండ్రు ఇల్లు వెదకుటకు వచ్చినప్పుడు వారికి ముందుగా కుళాయి తిప్పి చూపగలవారముగా, బాడుగ పత్రం చదివి వినిపించగలవారముగా ఉండవలెనని కోరుకొంటూ ఈ వ్యాసాన్ని ముగిస్తున్నాము.